శవం లేచే మాట

ముఖానికి రంగు వేసుకున్న మనిషి నాటకం అయ్యేదాకా వెనక్కి తిరగకూడదట. మా నాన్న కోటిలింగం పెట్టుకున్న నియమం ఇది. ఏ పుణ్యాత్ముడు నేర్పాడో గాని, తొంభై ఏడులో మా అమ్మ చౌడేశ్వరమ్మ బెజవాడ ఆసుపత్రిలో పోతుంటే, ఆయన రేపల్లెలో పోటీ నాటకం పూర్తిచేసి తెల్లారి వచ్చాడు. కబురు అందింది. అప్పటికే రంగు పడింది. అంతే.

ఆఖరున అమ్మ ఒక మాట అంది. పక్కన ఉన్నది నేనొక్కదాన్నే. ఆ మాట నాన్నకు చెప్పలేదు. ఆయనా అడగలేదు. చల్లపల్లిలో ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే గదిలో పక్కపక్క మగ్గాల మీద నేస్తూ రెండేళ్లు మాట్లాడుకోలేదు. కంచం పెట్టి పక్కకు వెళ్లిపోయేదాన్ని. చెబితే ఆయన మనసు తేలికపడుతుందని తెలుసు. అందుకే చెప్పలేదు. నాకు కోపం ఎక్కువ, ఒప్పుకుంటాను.

బెజవాడ భవానీపురం నుంచి హుమాయూన్ గారు తన నాటకం పట్టుకుని మా నాన్న దగ్గరకు వచ్చింది ఆ రోజుల్లోనే. టెలిఫోన్స్‌లో రిటైరై, మూడు వందల ఏళ్లనాటి ఒక ఫ్రెంచి హాస్యనాటకాన్ని ఇంగ్లీషులోంచి తెలుగు చేశారు. అందులో తండ్రి రోగం లేకపోయినా ఉందనుకుని మందులు మింగుతుంటాడు. డాక్టరు అల్లుడే కావాలంటాడు. కూతురు కాదంటే మఠంలో పడేస్తానంటాడు. హుమాయూన్ గారు మఠం తీసేసి హాస్టలు పెట్టారు.

"ఇది మన బెజవాడ కథేనండీ. పేర్లు మార్చడం తప్ప నేను చేసిందేం లేదు" అనేవారు.

రిహార్సల్స్ మా మగ్గాల గదిలోనే. తండ్రి వేషం మా నాన్నది. తనమీద ఎవరికి ప్రేమ ఉందో చూద్దామని ఆఖర్లో ఆయన చచ్చినట్టు పడుకుంటాడు. కూతురు వచ్చి ఏడ్చి, "ఇక నీ మాట జవదాటను నాన్నా" అనగానే శవం లేవాలి. అవతలివాళ్లకు వంతు ఇచ్చే ఆ చివరి మాటను నాటకాలవాళ్లు అందింపు అంటారు. అందింపు పడందే ఎవరూ కదలకూడదు.

మూడు రోజుల్లో నాటకం అనగా కూతురు వేషం కట్టే ఆవిడకు కామెర్లు వచ్చాయి. విని విని ఆ మాటలన్నీ నోటికి వచ్చింది నాకే.

"ధనశ్రీ, నువ్వు చెయ్యాలమ్మా. ఈ తర్జుమా నా మూడేళ్ల కష్టం" అన్నారు హుమాయూన్ గారు.

"ఆయనతో నేను మాట్లాడనండీ."

"అవి నాటకంలో మాటలమ్మా. మీ ఇంట్లోవి కాదుగా."

పెద్దాయన ముఖం చూసి సరేనన్నాను.

బెజవాడలో హాలు నిండింది. డాక్టర్లు వచ్చినప్పుడల్లా జనం పగలబడి నవ్వారు. ఆఖరి సీనులో నాన్న కళ్లు మూసుకుని, తెల్ల పంచె కప్పుకుని బల్ల మీద పడుకున్నాడు. నేను పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాను. అమ్మనూ అలాగే పడుకోబెట్టారు. రాసిన మాటలు మర్చిపోలేదు గాని నోట రాలేదు. పక్క తెర చాటునుంచి హుమాయూన్ గారు మాటలు అందిస్తూనే ఉన్నారు.

"నాన్నా, అమ్మ ఆరోజు నిన్నే అడిగింది" అన్నాను. "ఇంక రాడులే అని నేనంటే నన్ను కసిరింది. 'రంగు కడుక్కోవద్దటే? కాస్త ఆలస్యమవుద్ది. వస్తాడు, తలుపెయ్యమాక' అంది. అదే ఆఖరు. నీకు చెప్పబుద్ధి కాలేదు నాన్నా."

అందింపు పడలేదు కాబట్టి నాన్న లేవలేదు. మూసిన కళ్లలోంచి నీళ్లు కారి చెవుల్లోకి పోతున్నాయి. రంగు చారలు కట్టింది.

"శవం ఏడుస్తోందిరోయ్" అన్నారెవరో ముందు వరసలో. హాలంతా గొల్లున నవ్వింది. ఆ నాటకం మొత్తంలో అంత నవ్వు ఇంకెక్కడా రాలేదు. వాళ్లందరి చెంపలూ వాయించాలనిపించింది. ముందు నా చెంపలే.

"ఇక నీ మాట జవదాటను నాన్నా" అన్నాను ఎలాగో. నాన్న లేచాడు. మిగతా మాటలన్నీ తప్పు లేకుండా చెప్పాడు. తెర పడింది.

లోపల అందరూ కొబ్బరినూనెతో రంగు తుడుచుకుంటున్నారు. హుమాయూన్ గారు నాటకం కాగితాలు మడిచి పక్కకు జరిగారు. నాన్న వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు. ముఖాన రంగు అలాగే ఉంది.

"కడుక్కోకుండానే వచ్చానమ్మా" అన్నాడు.

ఆయన్ని బెంచీ మీద కూర్చోబెట్టి, చేతిలో నూనె పోసుకుని, ఆ రంగంతా నేనే తుడిచాను.