ఎసరు పెట్టమని వెళ్ళిన మనిషి

నేను ఒక బకెట్టుని. మలయా దేశపు రబ్బరు తోటలో పాలు మోయడానికి పుట్టిన జింకు రేకు బకెట్టుని. చీనా రేకుపనివాడొకడు నన్ను ఒక్క పూటలో చేసి, మొహమైనా చూడకుండా అవతల పెట్టేశాడు. అందుకు నాకేమీ బాధ లేదు. నా అడుగున వేలు మందాన మసి ఉంది. చెప్పుకోదగ్గ కథంతా దానిదే.

నన్ను మోసినవాడు పోలినాయుడు. శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాడు. చెట్టుకు గాటు పెట్టి, చిప్పల్లో చేరిన పాలు నాలో వంచుకునేవాడు. వంచేటప్పుడు చిందిన పాలు అతని చొక్కా మీద పడి ఎండేవి. ఏళ్ళ తరబడి పొర మీద పొర కట్టి, ఆ చొక్కా విప్పి నిలబెడితే మనిషిలా నిలబడేది. దాని కంపు భరించలేక భార్య సన్నెమ్మ దాన్ని గుమ్మం లోపలికి రానిచ్చేది కాదు.

యుద్ధం వచ్చింది. దొరలు పారిపోయారు, జపాను సైన్యం దిగింది, బియ్యం మాయమైంది. కర్రపెండలం తిని తిని జనం మొహాలు పాలిపోయాయి. అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం, ఆఫీసు మైదానంలో బియ్యం పంచుతున్నారు, మగవాళ్ళంతా గిన్నెలు తెచ్చుకోండని గుమాస్తా కూలీల లైను ఇళ్ళ ముందు కేక వేసి పోయాడు. అంతా స్నానాలు చేసి, పెళ్ళికి వెళుతున్నట్టు ఉతికిన బట్టలు కట్టారు. పోలినాయుడు మాత్రం పనిలోంచి వచ్చినవాడు వచ్చినట్టే బయల్దేరాడు.

"ఆ కంపు సొక్కాతో ఎల్తావేటి? నలుగుర్లో సిగ్గు పోద్ది" అంది సన్నెమ్మ.

"బియ్యానికి సొక్కాతో పనేటే? నువ్వెసరు పెట్టు, ఇట్టే వొచ్చేత్తాను."

ఆమె చేతికిచ్చిన కుండ పక్కన పెట్టి, ఎక్కువ పడుతుందని నన్ను తీసుకున్నాడు. ఆశ అనండి, పెళ్ళాం మీద ప్రేమ అనండి, బకెట్టుకి ఆ రెండిటికీ తేడా తెలియదు. సన్నెమ్మ తమ్ముడు అసిరయ్య కూడా వెంట నడిచాడు. ఇరవై ఏళ్ళవాడు, దేనికీ ఓపిక పట్టలేని మనిషి.

"ఆడు తిక్కోడు. ఆణ్ణి ఒగ్గీసి రాకు" అని వెనక నుంచి భర్తకు చెప్పిందామె.

మైదానంలో బియ్యం లేదు. లారీలున్నాయి, తుపాకులున్నాయి. ఉతికిన బట్టలతో సహా అందరినీ ఎక్కించి పైన టార్పాలిన్ కట్టేశారు. మా లైన్ల నుంచి పదకొండు మంది. లారీ తర్వాత రైలు, రైలు తర్వాత రోజుల తరబడి నడక. చివరికి సయాం దేశపు అడవిలో, బర్మాకి రైలుపట్టాలు వేసే చోట దింపారు. ఖాళీ బకెట్టుతో అంత దూరం వచ్చిన నాయుణ్ణి చూసి మిగతావాళ్ళు నవ్వారు. వాళ్ళు నవ్వడం నేను చూసింది అదే ఆఖరు.

వానలు పట్టుకున్నాయి. వాటి వెనకే కలరా వచ్చింది. ఎగువనున్న శిబిరంలో పోయినవాళ్ళని వాగు ఒడ్డునే పూడుస్తున్నారు. మేము తాగాల్సింది ఆ వాగు నీళ్ళే. నీళ్ళు మరగబెట్టి తాగితే కలరా రాదని తోట ఆస్పత్రిలో విన్న మాట నాయుడికి గుర్తుంది. సైనికుల వంటపాకలో నీళ్ళు కాచనివ్వరు, బతిమాలితే నిప్పుకణికలు మాత్రం ఇస్తారు. తడిసిన వెదురు ఆ కణికలకు పొగ వదిలేదే తప్ప అంటుకునేది కాదు. ఊది ఊది విసిగిపోయిన నాయుడు చొక్కా అంచు చింపి నిప్పులో పడేశాడు. రబ్బరు కదా, అంత వానలోనూ చిటపటమంటూ మండింది. వెదురు అంటుకుంది. నాలో నీళ్ళు తెర్లాయి.

అప్పటి నుంచి రోజుకో పీలిక. పదకొండు మందికీ తలో రెండు చిప్పల నీళ్ళు. చుట్టూ గుడిసెలు ఖాళీ అవుతున్నా మా పదకొండు మందీ నిలిచారు. కాని చొక్కాకి చేతులు పోయాయి, వీపు సగం పోయింది. నాయుడు రోజూ చొక్కా వైపు చూసుకునేవాడు. నేనూ చూసేదాన్ని. వాన మాత్రం ఎవరి వైపూ చూడలేదు.

ఒక రోజు పట్టాల దగ్గర దాహం ఆగక అసిరయ్య దోసిలితో వాగు నీళ్ళు తాగేశాడు. మర్నాటికి కళ్ళు లోపలికి పోయాయి. అతన్ని వాగు అవతలి పాకలో పడేశారు. ఆ పాకలోంచి అంతవరకు ఎవరూ నడిచి బయటికి రాలేదు.

మాలో పెద్దవాడు గంగులు అడ్డుపడ్డాడు. "ఒక్కడి కోసం ఇంకో పీలిక తగలేత్తే మిగతావోళ్ళం ఏటైపోవాల నాయుడూ?"

"మీ వాటా మీకుంటాది. నా వాటా ఆడికి పోత్తాను."

"మరి నువ్వేటి తాగుతావు?"

నాయుడు నన్ను అందుకున్నాడు. నాలో నీళ్ళకు చిటికెడు ఉప్పు కలిపి వాగు దాటాడు. అయిదు రోజులు అలా దాటాడు. తిరిగి వస్తూ ఆ వాగులోనే వంగి తాగేవాడు. నన్ను పక్కన పెట్టే తాగేవాడు. నేను అరవగలిగితే ఆ అడవంతా వినపడేలా అరిచేదాన్ని.

ఆరో రోజు అసిరయ్య గోడ పట్టుకుని లేచి నిలబడ్డాడు. అదే రోజు చొక్కాలో మిగిలిన కాలరు ముక్క కూడా కాలిపోయింది. ఆ మర్నాడు నాయుడు పడ్డాడు.

అసిరయ్య తూలుతూనే వంటపాకకు వెళ్ళి కణికలు తెచ్చాడు. వెదురు కింద పెట్టి, చెంపలు నొప్పెట్టేదాకా ఊదాడు. పొగ వచ్చింది. మళ్ళీ తెచ్చాడు, మళ్ళీ ఊదాడు. నాలో నీళ్ళు చల్లగానే ఉన్నాయి.

"బావా, రవంత ఓపిక పట్టు" అన్నాడు, జన్మలో ఓపిక పట్టనివాడు.

నాయుడు సాయంత్రం దాకా పట్టాడు. నాలుగు రోజుల తర్వాత వాన వెలిసింది. వెదురు నిప్పు తగలగానే భగ్గుమంది. వానంటే నాకు అసహ్యం పుట్టింది ఆ రోజే.

యుద్ధం అయ్యాక అసిరయ్య నన్ను పట్టుకుని తోటకి తిరిగొచ్చాడు. దారిలో ఎక్కడెక్కడో అడుక్కుని నాలో గుప్పెడు గుప్పెడు బియ్యం పోశాడు. సన్నెమ్మ గుమ్మంలోకి వచ్చి తమ్ముణ్ణి చూసింది. తర్వాత అతని వెనక దారి చూసింది. చాలాసేపు చూసింది.

అసిరయ్య నన్ను అక్క కాళ్ళ దగ్గర పెట్టాడు. "బావ తెత్తానన్నాడు కదప్పా. తెచ్చినాను."

ఆమె ఏడవలేదు. లోపలికి వెళ్ళి ఎసరు పెట్టింది.

చొక్కా సంగతంతా అసిరయ్య చెప్పాక, ఆమె నన్ను లోపలి వైపు మాత్రమే తోమేది. అడుగు ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. నాయుడికి ఆ అడవిలో సమాధి లేదు, పేరు రాసిన రాయి లేదు. ఆమె గుమ్మం లోపలికి రానివ్వని ఆ చొక్కా ఒక్కటే మసై ఇంటికి చేరింది.

ఇప్పుడు సన్నెమ్మ లేదు, అసిరయ్య లేడు. లైను ఇళ్ళు పడగొట్టి, పాత రేకులతో పాటు నన్నూ ఈ చెత్తకుప్ప మీద బోర్లా పడేశారు. అడుగు ఆకాశం వైపు ఉంది. నిన్నటి నుంచి వాన కురుస్తోంది. నా ఒంటి మీద నుంచి నల్లటి నీళ్ళు సన్నగా మట్టిలోకి దిగుతున్నాయి.