వైశాలి వదిలేసిన బంతి

ఓవెన్ తలుపు తెరవగానే వేడి ఆవిరి మాస్కు మీదుగా ఎగసి వైశాలి కళ్లు మండించింది. ఆమె ఆగలేదు. రెండు చేతులా రొట్టెల తట్టను లాగి, నడుము దగ్గర తిరిగి, గాజు అరలోకి జార్చింది. పొడుగాటి చేతులు, వెడల్పాటి మణికట్లు. అరచేతుల్లో వేళ్ల మొదళ్ల దగ్గర కాయలు కాసి గట్టిపడ్డాయి. అవి రొట్టెల తట్టలు మోసి వచ్చినవి కావు.

జర్మనీలోని కైసర్స్‌లౌటర్న్‌లో ఆదివారం పొద్దున్నే తెరుచుకునేవి ఈ బేకరీలే. చదువుకుంటూ ఇక్కడ పనిచేసిన వైశాలికి ఇది ఆఖరి ఆదివారం. మాస్టర్స్ అయిపోయింది. మర్నాడు డ్యూసెల్‌డార్ఫ్‌లో ఉద్యోగంలో చేరాలి. సాయంత్రం రైలు. ఆ రైలుకు ముందు ఒక ఫైనల్ ఉంది.

అనంతపురంలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు ఆమె సాఫ్ట్‌బాల్ ఆడేది. ఇక్కడి విశ్వవిద్యాలయం బేస్‌బాల్ జట్టులో అమ్మాయిలూ అబ్బాయిలూ కలిసే ఆడతారని విని ఒకరోజు మైదానానికి వెళ్లింది. మొదట ఎవరూ పట్టించుకోలేదు. ఆమె కొట్టిన బంతి కంచె దాటి పార్కింగ్‌లో పడ్డాక ఆ వరసలో కార్లు పెట్టేవాళ్లు తగ్గిపోయారు.

మరుసటి ఏడు కరోనా వచ్చి పోటీలన్నీ రద్దయ్యాయి. మైదానానికి తాళం పడింది. వైశాలి సాక్సులు ఉండలు చుట్టి, పక్కగది రాజ్యశ్రీ చేత విసిరించుకుని హాస్టల్ కారిడార్‌లోనే బ్యాటు ఊపింది. రాజ్యశ్రీది కరీంనగర్. ఆటంటే ఏమిటో ఎరగని పిల్ల. విసిరి విసిరి విసుగొచ్చి ఒకరోజు, "జర నాక్కూడ ఇయ్యరాదక్కా!" అని బ్యాటు లాక్కుంది. మళ్లీ ఆటలు మొదలయ్యేసరికి సగం జట్టు ఊరు వదిలి వెళ్లిపోయింది. ఆ ఖాళీలోకి రాజ్యశ్రీ వచ్చి, వైశాలి తర్వాత బ్యాటింగ్‌కి దిగేది.

నాకౌట్ పోటీల్లో వైశాలికి ఎదురులేకపోయింది. క్వార్టర్‌ఫైనల్‌లో ఓడిపోయే ఆటను ఒక్క దెబ్బతో తిప్పేసింది. సెమీఫైనల్‌లో మూడుసార్లు కంచె దాటించింది. ఆమె బ్యాటు పట్టుకుని నడిచొస్తుంటే అవతలి ఫీల్డర్లు చెప్పకముందే వెనక్కి జరిగేవాళ్లు.

మధ్యాహ్నం గేటు దగ్గర టీకా సర్టిఫికెట్లు చూపించి జనం లోపలికొచ్చారు. జార్‌బ్రూకెన్ నుంచి వచ్చిన జట్టు ఒక్కటే నిర్ణయించుకుని దిగింది: వైశాలికి కొట్టే బంతి వేయకూడదు. నాలుగు బంతులు అందకుండా వేస్తే బ్యాటర్‌ని ఊరికే నాలుగు బేసుల్లో మొదటిదానికి పంపాలి. పంపితే పంపారు, కొట్టించుకోవడం కన్నా అదే నయం. ప్రతిసారీ అదే చేశారు. ప్రతిసారీ తర్వాత వచ్చిన రాజ్యశ్రీ ఔటయింది.

"నా మొఖం చూసే నిన్ను ఆడనిస్తలేరక్కా," అంది రాజ్యశ్రీ, కళ్లు తుడుచుకుంటూ.

ఆఖరి ఇన్నింగ్స్. ఒక్క పరుగు వెనక. ఇంకొక్కరు ఔటయితే ఆట ముగుస్తుంది. రెండో బేసు మీద ఒకరు, మూడో దాని మీద ఒకరు తన జట్టువాళ్లు ఉన్నారు; ఇద్దరూ చుట్టు పూర్తిచేసి వస్తే గెలుపే. బ్యాటింగ్ వైశాలిది.

"దూరంగానే వేస్తారు. అందుతుందనుకుంటే కొట్టు. నీ ఇష్టం," అన్నాడు కోచ్ క్లౌస్ జర్మన్‌లో.

మూడు బంతులు ఎక్కడో పోయాయి. నాలుగోది అంత దూరం పోలేదు. చేతులు బారుగా చాస్తే బ్యాటు కొస తగులుతుంది. ఈ ఊళ్లో ఇదే తనకు ఆఖరి బంతి. భుజాలు వాటంతటవే కదిలాయి. అనంతపురంలో సాఫ్ట్‌బాల్ నేర్పిన రత్నకుమారి మేడం ఎండలో నిలబడి అరిచిన మాట గుర్తొచ్చింది: "నీది కాని బంతి ముట్టుకోవద్దు మే!"

వైశాలి బంతిని వదిలేసింది. బ్యాటు నేలమీద పెట్టి, ఎదురొస్తున్న రాజ్యశ్రీ దగ్గర ఆగింది.

"భయమైతాందక్కా."

"అయితే కానీ. కారిడార్ అనుకో. బంతినే చూడు. కొడ్తావు మే, నువ్వు."

రాజ్యశ్రీ రెండు బంతులు గాలికి వదిలింది. మూడోదానికి బ్యాటు ఠంగుమంది. బంతి ఇద్దరు ఫీల్డర్ల నడుమ గడ్డిని కోసుకుంటూ పోయింది. వైశాలి వెనక్కి చూడకుండా పరుగెత్తి, రెండో బేసు తొక్కి, అప్పుడు తిరిగింది. రెండు పరుగులూ వచ్చేశాయి. మొదటి బేసు మీద రాజ్యశ్రీ రెండు చేతులతో నోరు మూసుకుని నిలబడి ఉంది. జట్టంతా ఆ పిల్ల మీద పడింది. వైశాలి కాసేపు అక్కడే నిలబడి కళ్లారా చూసుకుంది. ఎన్ని బంతులు కంచె దాటినా ఛాతీ ఇంతగా పొంగలేదు.

"మనందరిలోకీ గొప్ప బ్యాటర్‌వి. ఫైనల్‌లో ఒక్క బంతీ కొట్టలేదు," అన్నాడు క్లౌస్.

"కొట్టింది కదా," అంది వైశాలి, రాజ్యశ్రీ వైపు చూపిస్తూ.

సాయంత్రం స్టేషన్‌కి సూట్‌కేసు రాజ్యశ్రీయే లాక్కొచ్చింది. మోకాళ్లకు ఇంకా ఎర్రమట్టి.

"వచ్చే సీజన్ల నీ జాగల ఎవరు ఆడ్తరక్కా?"

"నువ్వే. ఇంకెవురు?"

రాజ్యశ్రీ సూట్‌కేసు అందించింది, వైశాలి రైలెక్కింది. తలుపులు మూసుకున్నాయి. ప్లాట్‌ఫారం మీద ఎత్తిన చెయ్యి చిన్నదై, మలుపులో మాయమైంది.

జుట్టు చెంపమీద పడుతుంటే వైశాలి తల తడుముకుంది. పొద్దున జుట్టుకు పెట్టుకున్న పిన్ను లేదు. మైదానం గదిలో, కొక్కేనికి తగిలించిన తన హెల్మెట్ లోపల, చెమటకు తడిసిన స్పాంజిలో గుచ్చుకుని ఉండిపోయింది ఆ నల్లటి పిన్ను.