తోక ముక్క

ఆదివారం చర్చి నుంచి వచ్చిన చీరైనా మార్చుకోకుండా హెప్సిబా కానాగంతలు కడగడానికి కూర్చుంది. వనపర్తి మార్కెట్లో ఐసు పెట్టెలోంచి ఏరి తెచ్చిన సముద్రపు చేపలు. కోసే ముందు ఒక్కో తోక కొస కత్తిరించి, స్పిరిట్ పోసిన చిన్న సీసాల్లో వేసి మూతలు బిగించింది.

"కృష్ణా నదిల చేపలు లేనట్టు సముద్రం చేపల ఎంబడి పడ్డవేంది?" అన్నాడు భర్త సాంసన్, ఫోన్లోంచి తలెత్తకుండా. "నీ పరిశోధన ఈసారి కూడ కాకపోతే బడిల టీచర్ పని చూసుకో. జర ఇల్లన్న పట్టించుకుంటవు."

ఇల్లు పట్టించుకోనిదెవరట? తెల్లారకముందే లేచి జొన్నరొట్టెలు చేసి, గిన్నెలు తోమి, పెద్దమందడిలో బస్సెక్కి చేపల కాలేజీకి పరుగెత్తేది ఆయనా? తిండి దగ్గరా అంతే. నడిమి ముక్కలు మగవాళ్లకు, తోకలు కోడలికి. అత్త ఈదమ్మ నలభై ఏళ్లు తోకలే తిని, కోడలొచ్చాక వట్టి పులుసుకు దిగింది.

ఏ కానాగంత ఏ మందదో తేల్చాలంటే జన్యువుల్లో గుర్తులు పట్టాలి. ఆ గుర్తులకు అతుక్కుని పట్టిచ్చే ప్రైమర్లు ఈ చేపకని కొత్తగా తయారు చేయించే స్తోమత కాలేజీకి లేదు, వదిలేయమన్నాడు పరిశోధన చేయించే సారు. ఆమెకు ఒక్క ఆశ మిగిలింది. కానాగంతకు దూరపు చుట్టమైన వంజరం కోసం ఎవరో ఏనాడో చేయించిన ప్రైమర్లు ఫ్రిజ్‌లో ఉన్నాయి. పరాయి చేపకు అవి అంత తేలిగ్గా అతుక్కోవు. వేడి తక్కువైతే అతుక్కుంటాయేమోనని, సోమవారం జన్యువుల నకళ్లు తీసే మిషన్‌లో అయిదు డిగ్రీలు తగ్గించింది.

మంగళవారం చీకటి గదిలో, ఆ నకళ్లు పోసిన జెల్ పలక కింద నీలి దీపం వేసింది. వంజరం పక్కనే పన్నెండు కానాగంతలూ గీతలు గీసుకుని వెలుగుతున్నాయి, ఒకటి కాస్త పైకి, ఒకటి కాస్త కిందికి. ప్రైమర్లు అతుక్కున్నాయి! హెప్సిబా గీతలు మళ్లీ లెక్కపెట్టింది. మనిషి పుట్టకముందే విడిపోయిన చేపలు! ఒళ్లు మారింది, రంగు మారింది, ఎవరి సముద్రం వాళ్లది. అయినా లోపల ఆ ఒక్క చోటు రెండూ పోగొట్టుకోలేదు. అది దొరికింది కూడా గోరంత తోక ముక్కలో. ఎంత గొప్పపని చేశావయ్యా ప్రభువా అనుకుని, నవ్వుతూనే ఏడ్చేసింది.

మళ్లీ ఆదివారం కానాగంతలే వండింది.

"అత్తమ్మా, తోకల ఏముంటదో తెల్సా?"

"ఏముంటది బిడ్డా, ముండ్లు."

"దాని తాతముత్తాతలంత అండ్లనే ఉన్నరు. నా కండ్లతోని చూసిన."

ఈదమ్మ గిన్నెలోంచి ఒక తోక తీసి మొదటిసారి చూస్తున్నట్టు అటూ ఇటూ తిప్పి చూసింది. హెప్సిబా దాన్ని మెల్లగా తీసుకుని సాంసన్ కంచంలో వేసింది. నడిమి ముక్కలు అత్తకొకటి, తనకొకటి వడ్డించింది.

"ఏందిది?" అన్నాడు సాంసన్.

"తోక. బడి పని నేను చూడ. నా కాలేజీ ఇంక మూడేండ్లు ఉన్నది."

సాంసన్ తోక విరిచాడు. ముల్లు ఏరడం చేతకాక పళ్ల మధ్య వేలు పెట్టుకున్నాడు.

"నిమ్మలంగ తిను కొడుకా," అంది ఈదమ్మ నడిమి ముక్క నములుతూ. "నాకు అలవాటయ్యేతందుకు నలభై ఏండ్లు పట్టింది."