అరవై ఏళ్ళ పరిసల్

సోమవారం ఉదయం ఆరున్నరకు భవానీ నది ఒడ్డున మా పరిసల్‌కు గొలుసు చుట్టి తాళం వేశారు. నేను కళ్ళారా చూశాను. చూసింది చూసినట్టు చెబుతాను. మధ్యలో నాకు కోపం వస్తే మీరే ఓర్చుకోవాలి. మిల్లుల్లో ఒళ్ళు అరగదీసుకునేవాళ్ళూ, కాలేజీల్లో చదువుకునేవాళ్ళూ ఇద్దరూ వినవలసిన సంగతి ఇది.

పరిసల్ అంటే వెదురు బద్దలతో పెద్ద బుట్టలా అల్లి, కింద గేదె తోలు కుట్టిన గుండ్రటి పడవ. ఆంధ్రలో పుట్టి అంటారట. మా పెద్దలు ఎన్ని తరాల కిందటో ఆ దేశం వదిలి కోయంబత్తూరు సీమకు వచ్చారు. భాష మాత్రం ఇంట్లో మిగిలింది, అదీ సగం తమిళం కలుపుకుని. మాది తోలుపని వీధి. ఎద్దులతో బావుల్లో నీళ్ళు తోడే తోలు బొక్కెనలు కుట్టి బతికేవాళ్ళం. బావులకు కరెంటు మోటార్లు వచ్చాక ఆ పని పోయింది. నది అవతల నూలు మిల్లు లేచింది. మా వీధిలో ముప్పై ముగ్గురం అక్కడ పర్మనెంటు కార్మికులం. నా పేరు రుక్మణి, రీలింగులో పని.

మమ్మల్ని రోజూ నది దాటించేవాడు కుళందైసామి మామ. మనిషి సన్నం, మాట తక్కువ, అరచేతులు మాత్రం చెప్పు అట్టల్లా ఉండేవి. ఆ సోమవారం ఆయన తెడ్డు పట్టుకుని తాళం వైపే చూస్తూ నిలబడ్డాడు.

"ఇన్షూరెన్సు లేని పడవలో జనాన్ని ఎక్కించకూడదు. కొత్త ఉత్తరవు" అన్నాడు పంచాయతీ ఆఫీసు నుంచి వచ్చిన మనిషి.

"నా పరిసల్‌లో ఈ దినం వరకు ఒక మనిషి మునగలేదు సామీ."

"అది నాకు ఏమిటికి? కాయితం ఉండాదా, లేదా?"

ఎగువన ఎక్కడో ఆడి మాసం వరదలో ఒక పడవ బోల్తా పడిందట. అందుకని ఈ ఉత్తరవు. మునిగినవాళ్ళ కోసం ఒక్క మెట్టు కట్టలేదు, ఒక్క తాడు వేయలేదు, కాగితం అడిగారు. మేము మాట్లాడుతుండగానే మిల్లు సైరన్, మేము సంగు అంటాం, కూత మొదలుపెట్టింది. అవతలి ఒడ్డున గేటు మూసుకోవడం మా కళ్ళకు కనబడుతూనే ఉంది. ముప్పై ముగ్గురం అన్నం కారియర్లు పట్టుకుని ఇవతల నిలబడ్డాం.

అప్పుడు వచ్చింది నీలం రంగు మోటారు పడవ. కొత్తది. కాంట్రాక్టర్ రంగరాజన్‌ది. దానికి ఇన్సూరెన్సు ఉంది, లైసెన్సు ఉంది, ముందు భాగాన పూలదండ కూడా ఉంది. అందులోంచి అతని మనిషి కేక వేశాడు, చీటీ ఉన్నవాళ్ళు మాత్రమే ఎక్కాలని. చీటీ అంటే ఏమిటనుకున్నారు? మిల్లు హాజరు పట్టీలో పేరు వదులుకుని రంగరాజన్ కింద కాంట్రాక్టు కూలీగా చేరతానని వేలిముద్ర. మిల్లు రూలు ప్రకారం ఏడు రోజులు వరసగా రాకపోతే పేరు కొట్టేస్తారు. పరిసల్‌కు తాళం ఎందుకు పడిందో అప్పుడు నాకు అర్థమైంది.

మరి వంతెన మీదుగా పోకూడదా అంటారు మీరు. పోవచ్చు. చుట్టు తిరిగితే పదకొండు మైళ్ళు. మా కరుప్పుసామి రెండు రోజులు అలా నడిచాడు, పోయేటప్పుడు పదకొండు, వచ్చేటప్పుడు పదకొండు. మూడోసారి నడిచిన శుక్రవారం మిషను దగ్గరే కళ్ళు తిరిగి పడ్డాడు. ఒళ్ళు బాగాలేని వాడు పనికిరాడని మేస్త్రీ బయటికి పంపాడు.

మంగళవారం మిల్లు కార్మిక సంఘం కార్యదర్శి ఈశ్వరన్ అన్న, నేను, కుళందైసామి మామ కోయంబత్తూరులో ఇన్సూరెన్సు ఆఫీసుకు పోయాం. మామ ఉతికిన పంచె కట్టి, తువ్వాలు చంకలో పెట్టుకున్నాడు. ఫారం ఇంగ్లీషులో ఉంది. గుమాస్తా చదువుతుంటే ఈశ్వరన్ అన్న మాకు చెప్పాడు.

ఇంజన్ నంబరు ఎంత? ఇంజన్ లేదు. ఏ హార్బరులో రిజిస్టరు అయింది? ఇది నది. కట్టిన కంపెనీ రసీదు ఏది? కట్టింది ఈయనే, ఇదిగో ఎదురుగానే నిలబడి ఉన్నాడు. గుమాస్తా ప్రతి గడిలోనూ గీత గీశాడు. చెడ్డవాడు కాదు. గడులు నిండకపోతే అతనికి ఊపిరి ఆడదు, అంతే.

"ఎన్ని ఏండ్ల పడవ ఇది?" అని మామనే అడిగాడు.

మామ నడుము నిటారుగా చేశాడు. ఆ ముఖంలో అంత వెలుగు నేను అంతకుముందు చూడలేదు. "మా తాత కట్టింది సామీ. అరవై ఏండ్లు అయ్యుండాది" అన్నాడు.



ఇది మా వాళ్ళు మాత్రమే చేయగల పొరపాటు. పరిసల్ తోలు ఏడాదికొకసారి మారుస్తారు. వెదురు మూడేళ్ళకు మించి ఆగదు. ఆ తోలు కిందటి తై మాసంలో, సంక్రాంతి రోజుల్లో కుట్టింది, బద్దలు రెండు ఎండాకాలాల కిందటివి. కానీ కొత్తది అల్లే ప్రతిసారీ పాతదానిలోంచి ఆ మొదటి నాటి నడిమి బద్దను మాత్రం తీసి, కొత్త అల్లికలో అన్నిటికన్నా ముందు దాన్ని పరుస్తారు. దాన్ని తల్లిబద్ద అంటాం. అది పడ్డాక ఇక ఆ పరిసల్‌ను కొత్తదని ఎవరూ అనరు. కొత్త పరిసల్ అంటే జనం ఎక్కడానికి భయపడతారు, ఏరు దానికి ఇంకా అలవాటు కాలేదని. అరవై ఏళ్ళదంటే అరవై ఏళ్ళు ఎవరినీ ముంచలేదని. మా నది మీద ముసలితనమే నమ్మకం. ఆ ఆఫీసులో మాత్రం అదే నేరమైంది.

"పదిహేనేండ్లు దాటితే ఇవ్వం" అన్నాడు గుమాస్తా. అరవై అంకె వేసి దాని కింద రెండు గీతలు కొట్టాడు.

నేను టేబుల్ మీదికి వంగి తోలు సంగతీ వెదురు సంగతీ చెప్పాను. సరే, కొత్తదని సర్వేయరు దగ్గర సర్టిఫికెట్ తెమ్మన్నాడు. సర్వేయరు ఎక్కడుంటాడు? తూత్తుకుడి హార్బరులో. నది పడవలు చూస్తాడా? చూడడు. అయితే ఎవరు చూస్తారు? లైసెన్సు ఇచ్చే పంచాయతీని అడగాలి. బుధవారం పంచాయతీ ఆఫీసుకు పోయాం. ముందు ఇన్సూరెన్సు తెస్తే తరవాత లైసెన్సు అన్నారు. గురువారం మళ్ళీ కోయంబత్తూరు. ముందు లైసెన్సు తెస్తే తరవాత ఇన్సూరెన్సు అన్నారు. బస్సులో తిరిగి వస్తూ నేను ఏడ్చాను. దుఃఖంతో కాదు, తల గోడకేసి కొట్టుకోవాలన్నంత విసుగుతో. మామ కిటికీలోంచి చూస్తూ ఒకటే మాట అన్నాడు.

"నేను చెప్పకుండా ఉండాల్సింది అమ్మిణీ."

శుక్రవారం సాయంత్రం వీధి మధ్య మీటింగు పెట్టాం. అప్పటికి నలుగురు చీటీ మీద వేలిముద్ర వేశారు. వాళ్ళూ వచ్చి ఓ పక్కన తల వంచుకుని కూర్చున్నారు. వాళ్ళను తిట్టబోయిన వాళ్ళను ఈశ్వరన్ అన్న ఆపాడు. ఆకలికి వేసిన వేలిముద్ర అది, ద్రోహం కాదు అన్నాడు.

మీటింగు సాగుతుండగానే రంగరాజన్ వచ్చాడు. అతనిదీ తెలుగు ఇల్లే. కాకపోతే వాళ్ళ తెలుగు పొలాల్లోంచి, జిన్నింగు ఫ్యాక్టరీల్లోంచి వచ్చింది, మా తెలుగు ఊరి బయట నుంచి. అతని వయసు ముప్పై అయిదు. మామకు అరవై రెండు.

"రేయ్ కుళందై, మనమంతా ఒక్క భాష వాండ్లం కదరా. నేను మీకు కెడుదల చేస్తానా? పాతదానికి ఎవురూ ఇన్షూరెన్సు ఇయ్యరు. నా పడవలో వచ్చి భద్రంగా పోండి, మిల్లులో వేలై చేసుకోండి."

పాప్పాత్తి అత్త లేచింది. మామ పెళ్ళాం. ఇరవై రెండేళ్ళు అదే మిల్లులో పత్తి దుమ్ము లేచే బ్లోరూము ఊడ్చి, దగ్గు పట్టి, కిందటేడు వెళ్ళగొట్టబడిన మనిషి.

"ఒక్క భాషే సామీ. మీ ఇంట్లో ఆ భాషలోనే కదా మాకు కొబ్బరి చిరట్టలో నీళ్ళు పోసిరి? నా ఊపిరి పాతదైపోయిందని మిల్లు పంపించింది. మా పరిసల్ పాతదైపోయిందని ఆఫీసు పంపిస్తాది. మేము పాతవాండ్లం అయ్యిందాకా వాడుకున్నది ఎవురు? మీరేతా కదా?"

రంగరాజన్ ఆదివారం ఏడో రోజని మాత్రం గుర్తుచేసి పోయాడు. మిల్లుకు సెలవు బుధవారం, ఆదివారం కాదు.

అతను పోయాక గొడవ మాలో మాకే మొదలైంది. ఈశ్వరన్ అన్న తల్లిబద్దను పీకి పొయ్యిలో పెట్టమన్నాడు. "వయసు చెప్పడానికి అదొక్కటేతా సాక్షి. అది లేకుంటే కొత్త పరిసల్. ఇంకో ఫారం రాద్దాం."

"ఇంకో ఫారమా?" అన్నాను నేను. "కొత్తదైతే కంపెనీ రసీదు అడుగుతారు. అది ఇస్తే హార్బరు అడుగుతారు. అన్నా, వాండ్లు అడిగేది వయసు కాదు. మనం ఏరు దాటకూడదని చెప్పడానికి వాండ్లకు ఒక పేరు కావాలి, అంతేతా."

అందరూ ఒకేసారి మాట్లాడారు. కొందరు మామను నిందించారు, గొప్పలు పోయి మా నోట్లో మట్టి కొట్టాడని. మామ అన్నీ విన్నాడు. తరవాత లేచి రేవుకు నడిచాడు. మేమంతా వెనకాల పోయాం. ఇంకా వెలుతురు ఉంది. గొలుసు అంచుకు చుట్టి ఉంది కాబట్టి అంచును ఆయన ముట్టుకోలేదు. కత్తితో తోలు కోసి, నడిమి నుంచి తల్లిబద్దను మెల్లగా ఊడదీశాడు. అరవై ఏళ్ళ వెదురు, నల్లగా, నూనె పెట్టినట్టు మెరుస్తోంది. దాన్ని కాల్చలేదు. రాతి మీద పెట్టి జానెడేసి ముక్కలుగా నరికాడు. పదకొండు ముక్కలైంది.

"మన వీధిలో తోలు కుట్టే చేతులు ఉండే ఇండ్లు పదకొండు. మీ అటకల మీద పాత బొక్కెనల తోలు ఉండాది, నాకు తెలుసు. ఒక్క పరిసల్‌కు ఒక్క తాళం చాలు. పదకొండిటికి ఎన్ని తాళాలు తెస్తారో చూద్దాం" అన్నాడు.

ఆయన జీవితంలో అంత పొడుగు మాట మాట్లాడటం మేము వినలేదు. శనివారం మా వీధిలో ఎవరూ కూర్చోలేదు. ఆడవాళ్ళు వెదురు చీల్చారు, మగవాళ్ళు తోలు నానబెట్టి కుట్టారు, చేతులకు తారు అంటింది. చీటీ మీద వేలిముద్ర వేసిన నలుగురూ అందరికన్నా ముందు వచ్చారు. ప్రతి అల్లికలోనూ ముందు ఆ జానెడు ముక్క పడింది.

ఆదివారం ఆరు గంటలకు పదకొండు పరిసళ్ళు నెత్తిన పెట్టుకుని రేవుకు దిగాం. పోలీసు జీపు అప్పటికే ఉంది. రంగరాజన్ కారు దాని వెనకాల ఉంది. ఇన్‌స్పెక్టర్ చేతిలోని కాగితంలో ఒక్క పడవ పేరే ఉంది, కుళందైసామి పరిసల్, వయసు అరవై.

"ఏది అది?" అన్నాడు.

మామ చూపించాడు. గొలుసు కట్టిన అంచు, దానికి వేలాడుతున్న తోలు, తాళం భద్రంగా అక్కడే ఉన్నాయి. జనం నవ్వారు. వారం రోజుల్లో మేము నవ్వడం అదే మొదలు.

"మరి ఇవి ఎన్నాళ్ళవి?"

మామ వాటి వైపు తిరిగాడు. "నిన్నటివి సామీ" అన్నాడు. "ఇప్పుడన్నా ఇస్తారా ఇన్షూరెన్సు?"

తన పరిసల్‌ను కొత్తదని ఆయన తన నోటనే చెప్పవలసి వచ్చింది. ఇన్‌స్పెక్టర్ నవ్వలేదు. ఉత్తరవు మీరినందుకూ, జనాన్ని రెచ్చగొట్టినందుకూ అని చెప్పి మామ చేతిలోని తెడ్డు లాక్కుని నేల మీద పారేశాడు. ఆయన్ను జీపు ఎక్కించారు. మేము జీపు వైపు కదలబోతే మామ అరిచాడు, "ఏట్లో దిగండి, సంగు ఊదేస్తాది" అని.

పాప్పాత్తి అత్త తెడ్డు తీసుకుంది. మా వీధిలో ఆడది తెడ్డు పట్టిన రోజు అంతకుముందు లేదు. దగ్గుతూనే మొదటి పరిసల్ తోసింది. ఒకదాని వెనక ఒకటిగా పదకొండూ దిగాయి. పోలీసులు మూడింటిని పట్టుకున్నారు. అందులో వాళ్ళు నీళ్ళలో దూకి మిగతా వాటి అంచులు పట్టుకున్నారు. నీలం మోటారు పడవ మా మీదికి వచ్చి, అలలు లేపి, మేము రాళ్ళ మధ్యలోకి తిరగగానే ఆగిపోయింది. ఆ లోతులేని దారి పరిసల్‌కే తెలుసు.

గేటు దగ్గరికి చేరేసరికి ఏడుకు ఇంకా అయిదు నిమిషాలు ఉంది. ముప్పై ముగ్గురం, బట్టలు కారుతూ, వారంలో మొదటిసారి అందరం కలిసి టైముకు వచ్చాం. గేటు బార్లా తెరిచి ఉంది. వాచ్‌మన్ పేర్ల పుస్తకం తీశాడు. లోపలికి నాలుగు అడుగులు వేస్తే మా పేర్లు నిలుస్తాయి.

"పోండి, పోండి, ఈ దినం ఏడో దినం" అన్నాడు ఈశ్వరన్ అన్న.

ఎవరూ కదలలేదు. కరుప్పుసామి నా వైపు చూశాడు. నేను పాప్పాత్తి అత్త వైపు చూశాను. ఆమె నీళ్ళు కారే తెడ్డును గేటు గడపకు అడ్డంగా పెట్టి, దాని పక్కన నేల మీద కూర్చుంది.

"ఆయన వచ్చిందాకా నేను లేవను. మీరు దాటి పోతే పోండి, నేను ఏమీ అనుకోను" అంది.

ఎంత కష్టపడి ఆ గేటు దగ్గరికి వచ్చామో మాకు తెలుసు. అది పోతే ఇంట్లో పొయ్యి వెలగదనీ తెలుసు. ముందు నేను కూర్చున్నాను. తరవాత కరుప్పుసామి, తరవాత చీటీ వేసిన నలుగురూ, తరవాత అందరూ. మా వెనక సైకిళ్ళ మీద వచ్చిన ఇతర వీధుల వాళ్ళు, తమిళం వాళ్ళు, మలయాళం వాళ్ళు, ఏమైందని అడిగారు. చెప్పాం. వాళ్ళు సైకిళ్ళకు స్టాండు వేశారు.

ఏడు గంటలకు సంగు కూసింది. కూసి ఆగింది. రోజూ అది ఆగగానే లోపల మిషన్ల చప్పుడు మొదలయ్యేది. ఆ రోజు మాకు వెనక ఏరు పారే చప్పుడు వినిపించింది.