నడుస్తున్నదాని జోలికెందుకని

క్లినిక్ తెరిచి కంప్యూటర్ పెట్టగానే తెర మీద ఆ చిన్న గడి ప్రత్యక్షమైంది. ఈసీజీ మిషన్‌కు అప్‌డేట్ వచ్చింది, ఇప్పుడు చేయమంటారా అని అడుగుతోంది. టెక్నీషియన్ అలవాటుగా 'తర్వాత' అని నొక్కేసింది.

ఆమె బద్ధకస్తురాలు కాదు. కిందటేడు ప్రింటర్ డ్రైవర్ అప్‌డేట్ చేస్తే సగం పూట ప్రింటర్ మొరాయించింది. "నడుస్తున్నదాన్ని ఎందుకు కెలికావమ్మా? నిన్నెవరు చేయమన్నారు?" అని డాక్టరుగారు పేషెంట్లందరి ముందూ కడిగేశారు. ఆమెకు తల కొట్టేసినట్టయింది. అప్పటినుంచి ఏ మిషన్ ఏమడిగినా అదే జవాబు.

ఛాతీ పట్టేసినట్టుందంటూ వచ్చిన తాపీమేస్త్రీకి ఈసీజీ తీస్తుండగా తెర బిగుసుకుపోయింది. ఆపి మళ్లీ పెడితే గ్రాఫ్ వచ్చింది. డాక్టరుగారు చూసి, "బాగానే ఉంది. గ్యాస్ అయ్యుంటుంది. పనికి వెళ్లొచ్చు" అన్నారు. మేస్త్రీ నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

తర్వాత వచ్చిన టీచరమ్మకూ అంతే. తెర బిగుసుకుంది, మళ్లీ పెడితే గ్రాఫ్ వచ్చింది. కాని వేళ్ల కింద ఆవిడ నాడి ఉరుకుతుంటే కాగితం మీద గీతలు నింపాదిగా ఉన్నాయి! టెక్నీషియన్‌కు అనుమానం వచ్చింది. మేస్త్రీ గ్రాఫ్‌నూ, అతనికి ముందు వచ్చినతని గ్రాఫ్‌నూ తెర మీద టీచరమ్మ గ్రాఫ్ పక్కన పెట్టింది. మూడూ ఒక్కటే. పేరు మేస్త్రీది, గుండె మరొకరిది.

వెంటనే మేస్త్రీకి ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. చివరికి ఎవరో పలికారు.

"మేస్త్రీనా? పరంజా మీదున్నాడమ్మా."

"దింపండి బాబూ! మెల్లగా దింపి కూర్చోబెట్టండి. ఆ రిపోర్టు అతనిది కాదు!"

అవతల కేకలు వినబడ్డాయి. ఆపైన ఏమీ లేదు. ఆమె ఫోన్‌ను చెవికి ఇంకా గట్టిగా నొక్కుకుంది.

"దిగాడమ్మా... ఒళ్లంతా చెమటలు."

మేస్త్రీని పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు, టీచరమ్మనూ ఈసీజీకి అక్కడికే పంపారు. మేస్త్రీ గుండెకు రక్తం సరిగా అందడం లేదన్నారు. వేళకు తెచ్చారు గనుక గండం గడిచిందన్నారు.

మిషన్ కంపెనీ మనిషి ఫోన్‌లో తాపీగా చెప్పాడు: "ఆ లోపం అప్‌డేట్‌లో ఎప్పుడో సరిచేశామండీ. మీరు చేసుకోలేదా?"

డాక్టరుగారు ఆమె వైపు తిరిగారు. "ఎందుకు చేయలేదు?"

"చేసినప్పుడు తిట్టారు సార్. చేయనప్పుడు ఎవరూ అడగలేదు." అందామె.

"తప్పు నాదేనమ్మా" అన్నారాయన. "ఇకనుంచి పేషెంట్లు లేని పూట చూసుకుని చేద్దాం. ముందు అన్నీ కాపీ తీసిపెట్టు. అయ్యాక నా మీదే పరీక్షించి చూడు. మొరాయిస్తే మొరాయించనీ, జనానికి నేను చెప్పుకుంటా."

అప్‌డేట్ చేస్తే మిషన్ ఒక పూట ఆగవచ్చు. ఆ నష్టం అందరికీ కనబడుతుంది. చేయకపోతే పెరిగే ప్రమాదం ఎవరి కంటా పడదు. అందుకే జాగ్రత్తగా చేయాలి, వేళకు చేయాలి. అన్నిటికన్నా ముందు, సరిచేయబోయిన మనిషిని తిట్టడం మానాలి.