ఎడమవైపు పలకలు

ఆటలో జాలి చూపించడం బ్రేకక్కకు చేతకాదు. పన్నెండేళ్ళుగా ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఆమెకెదురుగా కూర్చుని ఓడిపోతున్న కళ్ళజోళ్ళావిడకు ఆ సంగతి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. ఎప్పుడైనా పొరపాటున గెలిచినా ఆ గెలుపు నిలిచేది కాదు. బ్రేకక్క రూల్సు పుస్తకం తెరిచి, మూడో పేజీలో ఏ మూలో ఉన్న లైను మీద వేలు పెట్టి, ఇచ్చిన పాయింట్లు వెనక్కి లాక్కునేది.

ఆమె బడి వ్యాను నడుపుతుంది. ప్రతి మలుపు దగ్గరా "బ్రేకేస్తున్నా, పట్టుకోండర్రా!" అని కేక పెడుతుంది గనక పిల్లలు బ్రేకక్క అన్నారు. పిల్లలు పెట్టిన పేరు కన్నవాళ్ళు పెట్టిన పేరును మింగేసింది. కళ్ళజోళ్ళావిడ షాపు ఆ బడికి రెండు వీధుల అవతల. ఇద్దరికీ ఏ చుట్టరికమూ లేదు, అయినా వదినా అంటే వదినా అనుకుంటారు. సాయంత్రం బండి ఖాళీ అయ్యాక బ్రేకక్క షాపుకొచ్చి, కళ్ళు పరీక్ష చేసే కుర్చీలో కాళ్ళు బారజాపి టీ తాగి గానీ ఇంటికి పోదు.

ఆ ఆదివారం ఇద్దరికీ బాగా ఇష్టమైన పాత ఆట పెట్టె తీశారు. మూలలు చిరిగి, టేపుతో నిలబడ్డ పెట్టె అది. సంచిలో చెయ్యి పెట్టి ఒక అట్టపలక తియ్యాలి, బల్ల మీదున్న పలకలకు ఆనించి పెట్టాలి. దారికి దారి, ఏటికి ఏరు, గోడకు గోడ కలవాలి. ఊరి గోడ చుట్టూ మూసుకుంటే పాయింట్లొస్తాయి, అందులో కాపలా పెట్టిన చెక్కబొమ్మ మళ్ళీ మన చేతికొస్తుంది. పలకలు పరిచే గుండ్రటి చెక్కను బ్రేకక్క పాత చక్రం బేరింగు మీద బిగించింది. చివర్లో పాయింట్లు లెక్కపెట్టేటప్పుడు ఇటూ అటూ తిప్పుకోవడానికి అది వీలు.

పావుగంట గడిచింది. బ్రేకక్క సంచిలోంచి గోడ మూల ఉన్న పలక తీసింది. ఆమెకు ఎడమవైపు ఆమె పచ్చ బొమ్మ కాపలా ఉన్న ఊరికి సరిగ్గా ఆ మూల ఒక్కటే తక్కువ. పెడితే పద్దెనిమిది పాయింట్లు. ఆమె పెట్టలేదు. కుడివైపు చివర, ఎందుకూ పనికిరాని చోట పెట్టింది.

"ఏం వదినా, ఇవాళ నా మీద దయ పుట్టుకొచ్చిందా?" అంది కళ్ళజోళ్ళావిడ.

"నీ మీద దయా? నోర్మూసుకుని పలక తియ్యి."

ఇంకో రెండు వంతులయ్యాయి. బ్రేకక్క తన ముందున్న బొమ్మల్ని లెక్కపెట్టుకుని, మళ్ళీ లెక్కపెట్టుకుని, మొహం చిట్లించింది.

"నా బొమ్మ ఒకటి తగ్గింది. కింద పడిందేమో చూడు."

అంటూనే తనే వంగి బల్ల కింద వెతికింది. కుర్చీ జరిపి వెతికింది. పచ్చ బొమ్మ పలకల మీద, కిటికీ వెలుగులో, నిటారుగా నిలబడి ఉంది. కళ్ళజోళ్ళావిడ ముందు నవ్వింది, ఇదేదో కొత్త ఎత్తు అనుకుంది. బ్రేకక్క లేచి కూర్చున్నాక ఆమె మొహం చూస్తే నవ్వు ఆగిపోయింది. ఆ మొహంలో నాటకం లేదు.

కళ్ళజోళ్ళావిడ చెక్కను మెల్లిగా తిప్పింది. పచ్చ బొమ్మ ఎడమవైపు నుంచి బ్రేకక్క ఎదుటికొచ్చి, కుడివైపుకు జరిగింది.

"అదుగో! ఎక్కడ దాచావు?"

చెక్కను వెనక్కి తిప్పింది.

"మళ్ళీ తీసేశావా? ఇదేం ఆట వదినా, చిన్నపిల్లలా!"

కళ్ళజోళ్ళావిడ ఆట ఆపేసింది. కుర్చీ ముందుకు లాక్కుని, మోకాళ్ళు తగిలేంత దగ్గరగా కూర్చుంది. "నా ముక్కు వంకే చూడు, పక్కకి చూడకు" అని, ఒక్కో కన్నూ మూయించి, పక్కన వేళ్ళు ఆడించింది. కుడివైపు ఆడించినప్పుడల్లా బ్రేకక్క టక్కున చెప్పింది. ఎడమవైపు ఆడిస్తే "ఇంకా మొదలుపెట్టలేదా?" అంది. ఆ కన్నుతోనూ అంతే, ఈ కన్నుతోనూ అంతే.

ఒక కంటికైతే అది కంటి జబ్బు. రెండు కళ్ళకూ ఒకే పక్క చూపు పోయిందంటే తప్పు కళ్ళది కాదు, తల లోపలిది. డాక్టరు కాకపోయినా అంతమాత్రం ఆమెకు తెలుసు.

"ఈ మధ్య తలనొప్పేమైనా వచ్చిందా?"

"మూడు వారాలైంది. ఒక వాంతి అయి, పడుకుంటే పోయింది. అదీ ఒక జబ్బేనా?"

మూడు వారాలు. డ్రైవర్లను బడి ఏటా అడిగే కంటి కాగితం కళ్ళజోళ్ళావిడ రాసిచ్చి పది రోజులైంది. ఆ సాయంత్రం బ్రేకక్క ఎప్పటిలాగే టీ గ్లాసుతో కూర్చుని, గోడ మీది చార్టును ఎక్కం అప్పజెప్పినట్టు పైనుంచి కిందికి చదివేసింది. పన్నెండేళ్ళు దాని ఎదుట టీ తాగిన మనిషికి అది కంఠతా వచ్చు. ఈవిడ పడీ పడీ నవ్వి సంతకం పెట్టింది. పక్కచూపు అన్న గడిలో, ఒక్క వేలైనా ఆడించి చూడకుండా, టిక్కు కూడా పెట్టింది. కంచే చేను మేయడమంటే ఇదే. స్నేహితురాలి మీద ప్రేమ ఒకటి, ఆ బండిలో ఇరవైరెండు మంది పిల్లలు ఒకటి. ఆ రెండింటినీ ఆ రోజు ఆమె ఒకే తక్కెడలో వేసి తూచలేదు, అసలు తూచనే లేదు. తన మీద తనకే అసహ్యం వేసింది.

"మొన్న బండి ఎడమ సైడు అద్దం ఎలా విరిగింది?"

"గేటుకి తగిలింది. ఇరుకు గేటు."

"పన్నెండేళ్ళుగా అదే గేటు కదా వదినా."

బ్రేకక్క ఆ మాట దాటేసింది.

"పది రోజుల్లో సెలవులిస్తారు. అప్పుడు చూపించుకుంటాలే. ఈలోగా నీ కాగితం ఉందిగా."

"అది అబద్ధం కాగితం. చూడకుండా రాశాను. రేపు పొద్దున బడికెళ్ళి ఆ మాటే చెప్తాను. నువ్వు మాత్రం ఇప్పుడే ఆసుపత్రికి రావాలి."

"చెప్తే నీ మొహాన ఎవరైనా మళ్ళీ పిల్లల కళ్ళు చూపిస్తారా?"

"చూపించకపోతే పోయె."

"నన్ను బండి దింపేస్తావా వదినా? అది దిగితే నన్ను బ్రేకక్కా అని పిలిచేదెవరు?"

కళ్ళజోళ్ళావిడకు ఏడుపొచ్చింది. అయినా అవునని తలూపింది, దింపేస్తానని.

బ్రేకక్క బల్ల వైపు తిరిగింది. కుడివైపు చివర నుంచి ఒక బొమ్మను వేలితో మెల్లిగా ఎడమకు జరిపింది. అది మాయమైన చోట ఆగింది. వెనక్కి జరిపింది, మళ్ళీ ముందుకు జరిపింది. మూడోసారి వేలు తీసేసింది.

"మా బండి తలుపు ఎడమవైపే ఉంటుంది" అంది.

కళ్ళజోళ్ళావిడ ఆ బొమ్మను తీసి పెట్టెలో వేసింది.

"ఆఖరి స్టాపులో ఒకటో క్లాసు పిల్ల దిగుతుంది. దిగాక బండి ముందుకొచ్చి, ఎడమపక్క నిలబడి టాటా చెప్పేది. ఒక్కరోజు మానేది కాదు. ఈ మధ్య చెప్పట్లేదు. ఎందుకో అలిగిందనుకున్నా. అంత పొగరా అని నేనూ మొహం ముడుచుకుని బండి తీసేస్తున్నా." ఆమె చెయ్యి బల్ల అంచును గట్టిగా పట్టుకుంది. "అది అక్కడే ఉంది కదా వదినా. రోజూ అక్కడే నిలబడే ఉంది కదా."

కళ్ళజోళ్ళావిడ ఆమె చేతి మీద చెయ్యి వేసింది. బ్రేకక్క ఆ చెయ్యి తప్పించి, ఫోను తీసుకుంది.

"నువ్వు రేపు చెప్పేదేదో రేపు చెప్పుకో. ముందు నేను చెప్పాలి."

అటునుంచి ప్రిన్సిపాల్ మేడమ్ పలికింది. రేపటి నుంచి బండికి వేరే మనిషిని చూసుకోమంది బ్రేకక్క. ఒంట్లో బాగోలేదా, జ్వరమా అని ఆవిడ అడగడం పక్కనున్న మనిషికీ వినబడింది.

"జ్వరం కాదు మేడమ్" అంది బ్రేకక్క. "నాకు పిల్లలు కనబడట్లేదు."