మాడిన కాగు బాకీ

నేను ఒక రాగి కాగును. ఒంటినిండా సుత్తిదెబ్బల మచ్చలు, రెండు చెవులనూ కలుపుతూ ఒక ఇనుప పిడి, ఇద్దరు మనుషులు చెరోవైపు పడితేగానీ కదలని బరువు. ఇంత బతుకు బతికినా ఎన్నో ఏళ్లుగా ఒక సందేహం నన్ను వదలలేదు. బాకీ తీరిపోతే బంధం కూడా తీరిపోతుందా? మొక్కు తీర్చుకున్న మనిషి మళ్లీ కొండ ఎక్కుతాడో లేదో నాకు తెలియదు. ఆ మొక్కుల కొండను నేను చూడలేదు, కబుర్లలో విన్నానంతే. కానీ అప్పు తీర్చిన ఇంటివైపు మళ్లీ తొంగిచూడని మనుషులను మాత్రం చాలామందిని చూశాను.

అమెరికాలో పుట్టిన కాగుకు తెలుగెలా వచ్చిందని మీరు అడగవచ్చు. చింతపండుతో వచ్చింది. ఆ సంగతి దాని చోట చెబుతాను.

నన్ను చేసినవాడు పెన్సిల్వేనియాలో ఒక కంచరి. రాగిరేకును కొట్టి కొట్టి అతని చెవులు వినపడకుండా పోయాయి. అందుకే కాబోలు, నా మీద పడ్డ దెబ్బల్లో ఒక్కటి కూడా తొందరపాటుది లేదు. ఒక రైతు తన కూతురి పెళ్లికి నన్ను కానుకగా ఇచ్చాడు. ఆ పిల్లతో పాటు బండెక్కి కొండలు దాటాను. ఆమె మనవల కాలానికి వేలంలో అమ్ముడుపోయాను. కొన్నవాడు నాలో కోళ్ల దాణా పోశాడు. అతని దగ్గర కొన్నామె మట్టి నింపి పూలమొక్కలు పెట్టింది. పనికొచ్చేదాన్ని పనికిరాకుండా చేసి, ఆ తర్వాత అది ఎంత అందంగా ఉందో అని మురిసిపోవడం మనుషులకే చేతనవును.

చివరికి వెస్ట్ వర్జీనియా కొండల్లో బెల్‌రిడ్జ్ అనే చిన్న ఊరు నన్ను కొనుక్కుంది. ఒకటే వీధి, రెండు చర్చిలు, ఒక మందుల షాపు, ఊరివాళ్లే వంతులవారీగా నడుపుకొనే ఒక ఫైర్ స్టేషన్. ఆ ఫైర్ స్టేషన్ వెనక షెడ్డే నా ఇల్లు.

అక్టోబరులో కొండలు ఎర్రబడగానే ఆ ఊళ్లో యాపిల్ బటర్ పండుగ వస్తుంది. పేరులో బటర్ ఉంది గానీ అందులో వెన్న చుక్కైనా ఉండదు. యాపిల్ ముక్కలను, యాపిల్ రసాన్ని కట్టెల మంట మీద పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తిప్పి తిప్పి లేహ్యంలా దగ్గరకు చేస్తారు. దించే ముందు పంచదార, దాల్చినచెక్క, లవంగాల పొడి వేస్తారు. వేడివేడిగా సీసాలకెత్తుతారు. నవంబరులో థాంక్స్‌గివింగ్ నాడు ఊరంతా ఫైర్ స్టేషన్ హాల్లో ఒకే పొడవాటి బల్ల చుట్టూ కూర్చుని భోంచేస్తుంది. ఆ బల్ల మీద ఆ సీసాలు లేకపోతే పండుగ పండుగ కాదు. మిగిలినవి క్రిస్మస్‌కు పాటలు పాడుతూ ఇంటింటికీ వచ్చేవాళ్లకు రొట్టె మీద రాసి పెడతారు.

తిప్పడానికి ఒక లెక్క ఉంది. పొడుగాటి తెడ్డుతో అంచు వెంబడి రెండు చుట్లు, నడిమధ్య నుంచి అడ్డంగా ఒక దూకుడు. ఒక్క క్షణం ఆగినా అడుగంటుతుంది. అందుకే తెడ్డు చేతులు మారుతుంది గానీ ఆగదు. ఊళ్లో ప్రతి ఇంటికీ ఒక వంతు ఉంటుంది. తన వంతు పూర్తికాకుండా తెడ్డు వదిలినవాళ్లు, వాళ్లవల్ల కాగు మాడితే, ఊరికి ఒక కాగు బాకీ పడతారు. ఆ బాకీ తీరాలంటే ఒక పండుగనాడు మొత్తం కాగును ఒక్కరే తిప్పాలి. ఈ నియమాన్ని ఎవరూ కాగితం మీద పెట్టలేదు. పెట్టాల్సిన అవసరం రాలేదు, ఎందుకంటే ఆ ఊళ్లో విల్మా ఉంది.

కాగు పనికంతటికీ విల్మా పెద్ద. పొడుగ్గా, ఎండిన మొక్కజొన్న కాడలా ఉంటుంది. బడిలో వంట చేసి రిటైరయింది. నా దగ్గర ఆమె మాటే మాట.

ఆ ఊరి మందుల షాపులో పనిచేయడానికి నరహరి అనే తెలుగాయన, ఆయన భార్య త్రిపురసుందరి వచ్చిన ఏడాది సంగతి ఇది. ఆమె పేరు ఊరివాళ్ల నోటికి లొంగక ‘ట్రిప్’ అయిపోయింది. నిండు చూలాలు. నరహరి ఏదో పరీక్ష రాయడానికి రాష్ట్ర రాజధానికి వెళ్లాడు. పండుగ చూద్దామని ఒంటరిగా వచ్చిన త్రిపుర, నా పక్కనే బెంచీ మీద కూర్చుని ఉన్నట్టుండి నడుం పట్టుకుంది. తెడ్డు విల్మా చేతిలో ఉంది. చిక్కబడే వేళ, అన్నిటికంటే ప్రమాదమైన వేళ. విల్మా ఆమె ముఖం చూసింది, నావంక చూసింది, పక్కనున్న కుర్రాడు రాండల్ చేతికి తెడ్డిచ్చి, త్రిపురను తన కారెక్కించుకుని కొండ దిగిపోయింది.

రాండల్ చేతులు తిరుగుతూనే ఉన్నాయి. కళ్లు మాత్రం కారు పోయిన దారి మీదే ఉన్నాయి. అంచులు తిప్పాడు, నడుమ మరిచిపోయాడు. ఆస్పత్రిలో ఆడపిల్ల పుట్టే వేళకు ఇక్కడ నా అడుగు బొగ్గయింది. ఆ థాంక్స్‌గివింగ్ బల్ల మీద కొట్లో కొన్న సీసాలు పెట్టుకున్నారు. ఇప్పటికీ దాన్ని ‘మాడిన ఏడు’ అంటారు.

“పురిటి మనిషిని తీసుకెళ్లావు. నీకేం బాకీ?” అని ఊరంతా అంది. విల్మా వినలేదు. మరుసటి ఏడు ఒక్కతే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తిప్పి ఊరి బాకీ తీర్చేసింది. పిల్లను ఒళ్లో వేసుకుని బెంచీ మీద కూర్చున్న త్రిపుర అదంతా చూసింది. ఊరికి విల్మా బాకీ తీరింది. మరి విల్మాకు తన బాకీ?

అప్పటినుంచి ప్రతి అక్టోబరులో ఆమె విల్మా ఇంటికి పళ్లెం నిండా గారెలు వేసుకుని వెళ్లడం మొదలుపెట్టింది. “ఈ ఏడు మీ బదులు నేను తిప్పుతాను, మిస్ విల్మా.” విల్మా గారెలు పుచ్చుకునేది. “వచ్చే ఏడు చూద్దాంలే అమ్మాయీ” అనేది. విల్మా మాట్లాడేది ఆ కొండల ఇంగ్లీషే. నాకు వినపడినట్టుగా నేను చెబుతున్నాను. అలా త్రిపుర కూతురు పెద్దదై, చదువు ముగించి ఉద్యోగానికి వెళ్లిపోయింది. ‘వచ్చే ఏడు’ మాత్రం రాలేదు.

ఇక పోయిన ఏడు జరిగిన పొరపాటు చెప్పాలి. చివర తిప్పినవాళ్లే నన్ను కడగాలి, వేరేవాళ్లు ముట్టకూడదు అన్నది విల్మా పెట్టిన నియమం. పోయిన పండుగకు చివరి వంతు ఆమెదే. సీసాలకెత్తడం అయ్యాక మెట్ల మీద జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. అందరూ ఆమె వెంట పరుగెత్తారు. తర్వాత విల్మా ‘ఎవరో కడిగే ఉంటారు’ అనుకుంది. మిగతావాళ్లు ‘ఆమె కాగు మనమెలా ముడతాం’ అనుకున్నారు. మంటల్లోకి దూకే మగవాళ్లు ఆ స్టేషన్ నిండా ఉన్నారు గానీ, ‘కాగు కడగలేదు’ అని విల్మాతో చెప్పగల మొనగాడు ఒక్కడూ లేకపోయాడు. పులుపు ఒంటికి అంటుకుని ఉండగానే నేను ఏడాదంతా షెడ్డులో పడి ఉన్నాను. ఈ ఏడు తలుపు తీసేసరికి పచ్చగా కిలుము పట్టిపోయాను.

రాండల్ ఇప్పుడు ఫైర్ స్టేషన్‌కు పెద్ద. హాల్లో అందరినీ కూర్చోబెట్టి, “ఇందులో వండితే విషమే. దీన్ని గోడ పక్కన అలంకారానికి పెడదాం. స్టీలుది కొందాం. తిప్పడం కూడా మోటారే చూసుకుంటుంది” అన్నాడు. చాలామంది తలలూపారు. భుజాలు నొప్పెట్టే వయసుకు వచ్చినవాళ్లే ఎక్కువ.

త్రిపుర లేచి నిలబడింది. “మోటారు తిప్పితే నా బాకీ ఎలా తీరుతుంది?”

“ఏం బాకీ? మాడ్చింది నేను కదా!” అన్నాడు రాండల్. హాలంతా నవ్వింది.

“మాడ్చింది మీరే. ఆమె తెడ్డు వదిలింది మాత్రం నాకోసం. కాగు నాకివ్వండి. పండుగనాటికి మెరవకపోతే మీ ఇష్టం.”

నన్ను ఆమె కారు షెడ్డుకు చేర్చారు. ఆమె నానబెట్టిన చింతపండులో ఉప్పు కలిపి, కొబ్బరిపీచుతో తోమడం మొదలుపెట్టింది. తోముతూ మాట్లాడేది. మాటలు నాతోనో, తన ఇలవేల్పు నరసింహస్వామితోనో నాకు ఎప్పుడూ స్పష్టంగా తెలియలేదు. పుట్టింటి సంగతులు, కూతురి సంగతులు, ఊళ్లోవాళ్ల సంగతులు. అలా నా ఒంట్లోకి తెలుగు ఇంకింది.

నరహరి తలుపు దగ్గర నిలబడి, “ఉన్న చింతపండంతా దీనికే పోస్తే చారుకేం చేస్తావు?” అన్నాడు.

“వారం రోజులు చారు లేకపోతే ప్రాణం పోదు లెండి.”

“నీ భుజం సంగతి? రోజంతా ఒక్కదానివే తిప్పగలవా?”

“తిప్పగలనో లేదో తిప్పితే కదండీ తెలిసేది. ఆ పీచు ఇటివ్వండి.”

మర్నాడు విల్మా వచ్చింది. సరిగా అతకని మణికట్టును ఒళ్లో పెట్టుకుని కుర్చీలో కూర్చుంది. నా ఒంటికి పూసిన గుజ్జు వైపు వేలు చూపించింది.

“ఏమిటది, మట్టా?”

“చింతపండు.”

“మా అమ్మ వెనిగర్, ఉప్పు వేసేది.”

“మా అమ్మ ఇది వేసేది.”

“మీ అమ్మ కాగు ఎంతుండేది?”

“దీంట్లో సగం.”

“అయితే ఇంకో సగానికి వెనిగర్ వెయ్యి.”

అలాగే నన్ను చెరిసగం పంచుకున్నారు. ఏ సగం ఎక్కువ మెరిసిందో నేను చెప్పను. ఇద్దరూ ఇంకా ఈ ఊళ్లోనే ఉన్నారు.

కిలుము చివరి మరక పోయాక త్రిపుర చేతులు తుడుచుకుంది. “ఈసారైనా తిప్పనిస్తారా?”

విల్మా తన మణికట్టు వంక చూసుకుంది. “మధ్యలో తెడ్డు ఎవరికీ ఇవ్వకూడదు.”

“తెలుసు.”

“మాడితే?”

“మాడదు.”

“నేనూ అలాగే అనుకున్నాను. మధ్యలో ఎవరికైనా నొప్పులొస్తేనో?”

“రాండల్ కారులో పంపిస్తా. ఆయన చేతికి తెడ్డు మాత్రం ఇవ్వను.”

విల్మా నవ్వు దాచుకోలేకపోయింది. “సరే” అంది. ఇన్నేళ్లలో ఆ మాట అదే మొదటిసారి.

పండుగనాడు పొద్దున్నే చర్చి పాస్టరు గారు నా ముందు నిలబడి ప్రార్థన చేశారు. ఆయన కళ్లు మూసుకున్నప్పుడే త్రిపుర నా అంచుకు కాస్త కుంకుమ బొట్టు పెట్టింది. రెండూ ఒకేచోటికి చేరతాయో లేదో నాకు తెలియదు. మంట మాత్రం బాగానే అంటుకుంది.

ఆమె మొదలుపెట్టింది. అంచు వెంబడి ‘గోవిందా’, ‘గోవిందా’ అని రెండు చుట్లు, నడుమ నుంచి ‘గోపాలా’ అని ఒక దూకుడు. పొద్దెక్కేసరికి ముక్కలు కరిగాయి. మధ్యాహ్నానికి ఒక్కొక్కరే వచ్చి, “ఒక్క పది నిమిషాలు ఇవ్వు ట్రిప్, ఏదన్నా తిను” అన్నారు. ఆమె తల అడ్డంగా ఊపింది. నరహరి గ్లాసు ఆమె నోటికి అందించి మజ్జిగ తాగించాడు. మధ్యాహ్నం దాటాక చినుకులు పడ్డాయి. రాండల్, ఇంకో ముగ్గురు కలిసి ఒక పెద్ద టార్పాలిన్‌ను మా ఇద్దరి మీదా ఎత్తిపట్టుకున్నారు.

“గట్టిగా పట్టుకో రాండల్. దారివైపు చూడకు!” అని ఎవరో కేకేశారు. అతను కూడా నవ్వాడు. కానీ ఈసారి అతని కళ్లు నామీద నుంచి కదలలేదు.

చిక్కబడే వేళ వచ్చింది. యాపిల్ కుతకుతలాడుతూ చిటపటమని పైకి ఎగిరింది. ఆమె ముంజేతి మీద రెండుచోట్ల పడి చర్మం కందింది. కుడిభుజం వణికింది. తెడ్డు ఎడమచేతిలోకి మార్చుకుంది. ఎడమచెయ్యి చుట్టులో నడుమ తప్పింది. నా అడుగున, సరిగ్గా నడిమధ్య, వేడి ఒకచోట కూడుకోవడం నాకు తెలిసింది. నోరుంటే అరిచేదాన్ని.

“నడుమ!” అని విల్మా కుర్చీలోంచి అరిచింది. “నడుమ నుంచి, అమ్మాయీ!”

త్రిపుర పళ్లు బిగించి, రెండుచేతులతోనూ తెడ్డును నా గుండెల మీదుగా లాగింది. ఇంకోసారి. ఇంకోసారి. గోవిందుడి పేరు ఆమె నోట వినిపించలేదు, ఊపిరి మాత్రమే వినిపించింది. దేవుడు దాన్నే లెక్కవేసుకున్నాడేమో, నాకు తెలియదు. అడుగున కూడిన వేడి చెదిరిపోయింది.

సాయంత్రానికి మసాలా పొడులు వేశారు. చెంచాడు తీసి సాసరులో వేస్తే నీళ్లు వదల్లేదు, అంటే పాకం కుదిరినట్టే. గబగబా సీసాలకెత్తారు. ఖాళీ అయిన నాలోకి అందరూ వంగి చూశారు. నల్లమచ్చ ఒక్కటి లేదు.

అక్కడి పద్ధతి ఏమిటంటే, బాకీ ఉన్నవాళ్లు తిప్పిన కాగులోంచి మొదటి రొట్టెముక్క బాకీ రావలసినవాళ్లు తినాలి. తిని, అందరిముందూ ‘చెల్లు’ అనాలి. త్రిపుర రొట్టెకు రాసి విల్మా చేతికిచ్చింది. విల్మా ముక్క పట్టుకుంది గానీ నోట్లో పెట్టుకోలేదు. జనం ఎదురుచూశారు.

“తినండి మిస్ విల్మా, చల్లారిపోతుంది.”

“తింటే అయిపోతుంది కదా” అంది విల్మా మెల్లగా. “ఇన్నేళ్లూ నీ బాకీ మీద వడ్డీగా గారెలు తిన్నాను. తొందరపడి అసలు తీర్పించుకోవడానికి నేనేమైనా పిచ్చిదాన్నా?”

త్రిపుర ఆమె పక్కన, తడిసిన బెంచీ మీద కూలబడింది.

“అయిపోనీండి. గారెలు నేను బాకీ కోసం తెచ్చాననుకున్నారా?”

విల్మా రొట్టెముక్క కొరికింది. నిదానంగా, చివరి తునక దాకా నమిలింది. పెదాలు తుడుచుకుని, మంచిచెయ్యి త్రిపుర భుజం మీద వేసింది.

“చెల్లు” అంది.